కోడిపిల్లలను గద్దల బారి నుండి కాపాడుకొనుట

మన పాల సంఘాల సభ్యుల ఇళ్లలో గేదెతోపాటు నాలుగు పెట్టలు, ఒక పుంజు లేని ఇల్లు తక్కువ. పాల డబ్బుకు సంఘం పుస్తకంలో లెక్క ఉంటుంది. ఆ డబ్బు వచ్చేలోగానే దాణాకు ఇంత, అప్పుకు ఇంత అని పంపకం జరిగిపోతుంది. కోడి డబ్బు అలా కాదు. గుడ్లు అమ్మినా, పండుగకు ముందు ఒక పుంజును అమ్మినా ఆ పైకం ఇల్లాలి కొంగుననే ఉంటుంది. పిల్లల పుస్తకాలు, మందూమాకూ, పుట్టింటి వారు వచ్చిననాటి ఖర్చు దానితోనే గడుస్తాయి. అందువల్లనే కాబోలు, మేము సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు పాలు పోయడానికి వచ్చిన స్త్రీలు తరచుగా అడిగే మాట పాల ధర గురించి కాదు. "గేదె సంగతి డాక్టరు గారు చూస్తున్నారండీ. మా కోడిపిల్లల్ని గద్ద తన్నుకుపోతోంది, దానికేమన్నా ఉపాయం ఉంటే చెప్పండి" అంటారు.

మేము పశువైద్యులం కాము. లెక్కలు, తీర్మానాల పుస్తకాలు చూసేవారము. అయినా ఉయ్యూరు, పామర్రు, గుడివాడ వైపు పల్లెల్లోనూ, కొండపల్లి అడవి అంచున ఉన్న మెట్ట ఊళ్లలోనూ పాల కేంద్రాల చుట్టూ తిరగడం వల్ల ఏ ఇంట్లో పిల్లలు నిలుస్తున్నాయో, ఏ ఇంట్లో పోతున్నాయో గమనించే అవకాశం కలిగింది. దానికి పశువైద్యులు, పక్షుల సంగతి తెలిసినవారు చెప్పిన విషయాలు జోడించి ఈ పాఠం రాస్తున్నాము. సంఘ కార్యదర్శులు వీలున్నచోట దీనిని పాలు పోసే వేళ చదివి వినిపించవచ్చు.

నష్టం ఎంత?

ఒక పెట్ట కింద 12 గుడ్లు పెట్టి పొదిగించారనుకుందాం. 21 రోజులకు 10 పిల్లలు దిగాయి. నెల తిరిగేసరికి ఆరు పోయి నాలుగు మిగిలాయి. "పోతే పోయినయ్, కోడిపిల్లలేగా" అని సరిపెట్టుకోవడం మన ఇళ్లలో అలవాటు. లెక్క వేరుగా ఉంది. పోయిన ఆరింటిలో మూడు పెట్టలు అనుకున్నా, నాటు పెట్ట ఏడాదికి 50 నుండి 60 గుడ్లు పెడుతుంది గనుక, ఆ ఇంటికి ఏడాదికి 150 గుడ్ల పైచిలుకు రాకుండా పోయినట్లే. మిగిలిన మూడు పుంజుల ధర వేరే. పైగా ఆ పెట్ట పొదిగిన మూడు వారాలు, పిల్లలను తిప్పిన నెలన్నర గుడ్డు పెట్టదు. ఆ కాలమంతా వృథా. పాలలో వెన్న ఒక పాయింటు తగ్గితే కేంద్రం దగ్గర నిలబడి వాదించే మనం ఈ నష్టాన్ని లెక్కలోకే తీసుకోము.

అయితే ఇందులో ఒక మంచి విషయం ఉంది. ఈ నష్టంలో పెద్ద భాగం పిల్ల పుట్టిన మొదటి ఆరు వారాలలోనే జరుగుతుంది. గద్ద చూడటానికి పెద్దదిగా కనిపించినా కిలో బరువు కూడా తూగని పక్షి. దాని కాళ్లలో పెద్ద బరువును ఎత్తుకుపోయే బలం లేదు. పావుకిలో దాటిన పిల్లను ఎత్తడం దానికి కష్టం, ఎదిగిన కోడి జోలికి సాధారణంగా రాదు. కనుక కోడిని ఏడాది పొడవునా కాపలా కాయనక్కరలేదు. ఆరు వారాలు కాస్తే చాలును.

ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి

పిల్ల కనిపించకపోతే గద్ద మీదకు నెట్టడం తేలిక. కాని పెరట్లో దొంగలు చాలామంది ఉన్నారు. మా వృత్తి లక్షణమో ఏమో గాని, దీనికీ ఒక పుస్తకం పెట్టమనే మేము చెబుతాము. పిల్లవాడి పాత నోటుపుస్తకం ఒకటి చాలు. పొద్దున గంప ఎత్తినప్పుడు పిల్లలు ఎన్ని, మధ్యాహ్నం భోజనాల వేళకు ఎన్ని, సాయంత్రం గంప కమ్మేటప్పుడు ఎన్ని - ఈ మూడు అంకెలు రోజూ వేయాలి. ఇంట్లో బడికి పోయే ఆడపిల్ల ఉంటే ఈ పని ఇష్టంగా చేస్తుంది. రెండు వారాలలో విషయం తేలిపోతుంది.

సాయంత్రానికి, మర్నాటి పొద్దుటికి మధ్య తగ్గితే అది గద్ద పని కాదు. గద్దకు, డేగకు రాత్రిపూట కన్ను కనిపించదు. అది పిల్లి గాని, పందికొక్కు గాని, పాము గాని అయి ఉంటుంది. పాము పిల్లను మింగిపోతుంది, ఆనవాలు ఉండదు. పందికొక్కు కాలో రెక్కో కొరికి కలుగులోకి ఈడ్చుకుపోతుంది. బావురుపిల్లి అయితే ఈకలు దారి పొడవునా రాలి ఉంటాయి. పగలే గొంతు కొరికిన కోళ్లు రెండు మూడు ఒకేచోట పడి ఉంటే ముంగిసను అనుమానించాలి. అది తినేదానికంటె చంపేది ఎక్కువ. ఎదిగిన కోడి తల, మెడ మాత్రమే పోయి, మొండెం మిగిలితే పెద్ద గుడ్లగూబ కావచ్చు. రాత్రి చెట్టుకొమ్మ మీద పడుకునే కోళ్లకే ఈ ప్రమాదం.

పొద్దున గంప ఎత్తిన గంటలోపే, వారం పది రోజుల పిల్లలు పోతుంటే అది కాకి. ఇది చాలామందికి తోచదు. కాకిని మనం రోజూ చూస్తూ ఉంటాము గనుక దాని మీద అనుమానం రాదు. రెండు కాకులు వస్తాయి. ఒకటి తల్లికోడిని కవ్వించి పక్కకు లాగుతుంది, రెండవది పిల్లను ముక్కున కరచుకుపోతుంది. గుడ్లను కూడా వదలదు.

పగటిపూట, ఎండ ఎక్కిన తరువాత, ఏ ఆనవాలూ లేకుండా ఒక్కొక్కటిగా పోతుంటే అప్పుడు ఆకాశం వైపు చూడాలి.

ఇంకొక మాట. పిల్ల మందకొడిగా ఉండి, రెక్కలు వేలాడేసి, తల్లి వెనుక పరుగెత్తలేక నిలిచిపోతే గద్ద మొదట దానినే ఎత్తుకుపోతుంది. అటువంటి చోట అసలు దొంగ కొక్కెర తెగులు గాని, కడుపులో పురుగులు గాని అయి ఉంటుంది. పిల్లలకు 5 నుండి 7 రోజుల మధ్య కంట్లో గాని ముక్కులో గాని లసోటా టీకా చుక్క, 8 వారాలకు ఆర్.టు.బి. టీకా తప్పక వేయించాలి. టీకా వేయని పిల్లలకు ఎన్ని వలలు కట్టినా ప్రయోజనం ఉండదు.

మన ఆకాశంలో తిరిగేవి

అన్నింటినీ గద్ద అనే పిలుస్తాము గాని, అన్నీ ఒకటి కావు. వాటి వేట తీరు వేరు గనుక మన జాగ్రత్త కూడా వేరుగా ఉండాలి.

మామూలు గద్ద ఒళ్లంతా మట్టిరంగుగా ఉంటుంది. తోక చివర చీలి ఉంటుంది. ఇదే గుర్తు. రెక్కలు విప్పితే ఆ కొస నుండి ఈ కొసకు దాదాపు 5 అడుగులు. నేల వేడెక్కి గాలి పైకి లేచే వేళకు, అంటే ఎక్కువగా ఉదయం తొమ్మిది పది గంటల నుండి, రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతుంది. ఊరి చివర చచ్చిన ఎలుక, చేపల పొట్టలు, కోళ్ల దుకాణం పారేసిన పేగులు దీని ముఖ్య ఆహారం. కోడిపిల్ల దానికి పైసంపాదన వంటిది. ఆరుబయట పిల్ల కనిపిస్తే వాలకుండానే కాళ్లతో తన్నుకుని పైకి లేచిపోతుంది. "తన్నుకుపోవడం" అనే మాట మన పెద్దలు ఎంత చూసి పెట్టారో గమనించండి. కోళ్ల వ్యర్థాలను ఊరి పక్కన, కాలవగట్టున పారేసే చోట గద్దలు గుంపులుగా చేరతాయి, ఆ పక్క వీధిలోని పిల్లలు పోతాయి. దుకాణం వారిచేత గొయ్యి తీయించి పూడ్పించే విషయం పంచాయతీలో మాట్లాడవలసినది, పాల సంఘం పాలకవర్గంలో ఉన్న పెద్దలే సాధారణంగా అక్కడా పెద్దలు గదా!

గరుడపక్షి తల, రొమ్ము తెల్లగా, మిగిలిన ఒళ్లు ఇటుక రంగుగా ఉంటుంది. కాలవల వెంట, కైకలూరు వైపు చేపల చెరువుల మీద, దివిసీమలో ఎక్కువగా కనిపిస్తుంది. దీనిని చూసి చేతులు జోడించే వారు నేటికీ ఉన్నారు. చేపలు, ఎండ్రకాయలు, కప్పలు దీని తిండి. కోడిపిల్లను ఎప్పుడైనా ఎత్తుకుపోవచ్చు గాని అది దాని వృత్తి కాదు.

అసలు జాగ్రత్త పడవలసింది డేగతో. పందెం పుంజుకు రంగును బట్టి డేగ అని పేరు పెట్టి మురిసిపోతాము గాని, నిజమైన డేగను గుర్తుపట్టే వారు తక్కువ. ఇది పావురమంత ఉంటుంది. వీపు బూడిద రంగు, రొమ్మున అడ్డచారలు, కన్ను ఎర్రన. ఇది ఆకాశంలో తిరిగి మనకు కనిపించదు. వేపచెట్టులోనో, చింతకొమ్మల్లోనో దాగి కూర్చుని, నేలకు తక్కువ ఎత్తులో బాణంలా వస్తుంది. ఉదయం, సాయంత్రం కూడా వేటాడుతుంది. రెక్కల వెడల్పు రెండడుగులే గనుక కొమ్మల సందుల్లో నుండి సులువుగా దూరిపోతుంది. చిన్న పిల్లను ఎత్తుకుపోతుంది, మోయలేని దానిని అక్కడే ఈకలు పీకి తింటుంది. కొండపల్లి అడవి దగ్గరి ఊళ్లలోనూ, తోటలు దట్టంగా ఉన్న చోట్లా దీని బెడద ఎక్కువ.

ఇక చేల మీద గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచే తెల్లని చిన్న గద్ద ఒకటి ఉంది. భుజాలు నల్లగా ఉంటాయి. దానిని తరమవద్దు. అది వరిచేలలో ఎలుకలను పట్టేది. తెల్లమొహపు గుడ్లగూబ కూడా అంతే. దాని తిండి దాదాపు అంతా ఎలుకలే. డెల్టా రైతుకు ఎలుక ఎంతటి శత్రువో వేరే చెప్పాలా?

ఏ నెలలో ఎక్కువ?

మన ప్రాంతంలో గద్దలు చలికాలంలో గూళ్లు కట్టి, వేసవి మొదలయ్యేనాటికి పిల్లలను సాకుతుంటాయి. డేగలు మార్చి నుండి జూన్ లోపల పిల్లలు చేస్తాయి. గూట్లో నోళ్లు తెరిచిన పిల్లలు ఉన్నప్పుడు ఏ పక్షికైనా వేట ఎక్కువ కావాలి. సంక్రాంతి వెళ్లాక మన ఇళ్లలో పెట్టలు పొదుగుకు కూర్చుంటాయి. ఆ పిల్లలు పెరట్లో తిరిగేదీ, గద్ద పిల్లలు గూట్లో అరిచేదీ ఒకే నెలల్లో. కనుక ఫిబ్రవరి నుండి మే వరకు దిగే పిల్లల విషయంలో మరింత కట్టుదిట్టం అవసరం.

పాల వేళ, గంప వేళ

మేము గమనించిన వాటిలో ముఖ్యమైనది ఇది. తెల్లవారుజామున లేచి, పేడ తీసి, పాలు పితికి, కేంద్రానికి బయలుదేరే ముందు "వీటిని కూడా వదిలేస్తే ఒక పని అయిపోతుంది" అని ఇల్లాలు గంప ఎత్తేస్తుంది. పాల కేంద్రం దగ్గర వరుస, పరీక్ష, పక్కింటామెతో నాలుగు మాటలు - ముప్పావు గంట పడుతుంది. ఆ సమయంలో పెరట్లో మనిషి లేడు. కాకులకు అదే అదను. సాయంత్రం పాల వేళ డేగకు అదను. గంప ఎత్తడం పాలు పోసి వచ్చిన తరువాత పెట్టుకుంటే, సాయంత్రం పాలకు వెళ్లబోయే ముందే కమ్మేస్తే, పైసా ఖర్చు లేకుండా నష్టం బాగా తగ్గుతుంది. గంప కింద గుప్పెడు నూకలు, చిన్న మూకుడులో నీళ్లు పెడితే పిల్లలు ఆ గంటసేపు గోల చేయవు.

మొదటి రెండు వారాలు తల్లిని గంప కిందనే ఉంచి, పిల్లలు మాత్రం బయటకు లోపలకు తిరిగేటట్లు సందులున్న వెదురు గంప వాడటం మన పాత పద్ధతి. ఇది చాలా తెలివైన పద్ధతి. తల్లి కదలదు గనుక పిల్లలు రెండు గజాలు దాటి పోవు, గద్ద నీడ పడగానే తల్లి కూత విని లోపలికి దూరిపోతాయి. ఇప్పుడు చాలా ఇళ్లలో ప్లాస్టిక్ బుట్టలు వచ్చాయి. వాటికి సందులు ఉండవు, ఎండకు లోపల ఉడికిపోతుంది. గంప నీడపట్టున ఉండాలన్నది మరువరాదు. ఏప్రిల్, మే నెలల్లో గద్దకు పోయే పిల్లలకంటె ఎండలో మరచిన గంప కింద పోయేవి ఎక్కువ కాకుండా చూసుకోవాలి.

పెరటికి చాటు కావాలి

పాతిక ముప్పై ఏళ్ల కిందట పెరడంటే గడ్డివామి, కంపకంచె, గోరింట పొద, నిమ్మచెట్టు, బీరపాదు. గద్ద కూత వినిపించగానే పిల్లలు దేనికిందకో దూరేవి. ఇప్పుడు ప్రహరీగోడ, లోపల సిమెంటు చప్టా. చూడటానికి శుభ్రమే. పిల్లకు మాత్రం పరుగెత్తి దాగడానికి జానెడు చోటు లేదు. గద్దలు పెరిగాయని అనుకుంటున్నాము గాని, అనేక ఇళ్లలో తగ్గింది చాటు.

కాబట్టి పశువుల కొట్టం పక్కన ఒక పందిరి వేసి చిక్కుడో, బీరో, ఆనపో పాకించండి. నాలుగు సరుగుడు కర్రలు, కాస్త కంప చాలు. పిల్లలకు గింజ, నీళ్లు దాని కిందనే పెట్టాలి. మనం చేసే పొరపాటు ఏమంటే, వాకిలి మధ్యలో నిలబడి "బా బా" అని పిలిచి నూకలు చల్లుతాము. పిల్లలన్నీ ఆరుబయట ఒకేచోట తల వంచుకుని మేస్తాయి. గద్దకు విస్తరి వేసినట్లే. నీళ్ల మూకుడు ఒక మూల, నూకలు ఒక మూల ఉంటే నడుమ ఉన్న ఖాళీ దాటేటప్పుడు పోతాయి. రెండూ పందిరి కిందనే ఉండాలి. పందిరికి, గూటికి మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే రెండు తాటాకు తడికెలు వాల్చి పెట్టినా, పాత నులకమంచం వేసినా అది చాటే.

గడ్డివామి చుట్టూ కంప నెట్టకుండా ఒక పక్కన కొంచెం తెరిపి ఉంచితే పిల్లలు అక్కడ పురుగులను గెలికి తింటాయి, ఆపదలో గడ్డిలోకి దూరతాయి. కోళ్లు కొట్టంలో తిరిగి పిడుదులను ఏరి తినడం మంచిదే. కాని గాడి మీద, దాణా తొట్టి మీద ఎక్కనివ్వరాదు. పాల క్యాన్లు ఆరబెట్టే బల్ల దగ్గరకు అసలే రానివ్వరాదు. కోడిరెట్ట తగిలిన క్యాను కడిగినట్లే కనిపిస్తుంది, పాలు మాత్రం చెడతాయి.

తాళ్లు, వలలు

రొయ్యల చెరువుల మీద కాకులు, కొంగలు వాలకుండా బారులు బారులుగా పురికొసలు కట్టడం బందరు, నాగాయలంక వైపు వారందరికీ తెలుసు. ఆ ఉపాయమే పెరటికీ పనికివస్తుంది. పిల్లలు తిరిగే చోట ఏడడుగుల ఎత్తున, అడుగున్నర నుండి రెండడుగుల ఎడంలో నైలాను పురికొసలు లాగి కట్టాలి. ఐదడుగుల రెక్కల గద్ద ఆ సందులో దిగి, మళ్లీ పిల్లతో పైకి లేవలేదు. ఆ సంగతి గ్రహించి దిగడమే మానుకుంటుంది. పురికొస పక్షికి కనిపించాలి. అందుకని గజానికొకటి చొప్పున తెల్లగుడ్డ పీలిక కట్టాలి.

డేగకు ఈ తాళ్లు అడ్డం కావు. డేగ ఉన్న ఊళ్లలో చిన్న గూడు కట్టుకోవడమే మార్గం. 20, 25 పిల్లలకు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న జాలీ గూడు సరిపోతుంది. పైన సగం తాటాకు, సగం జాలీ. చుట్టూ జాలీని అడుగు లోతున నేలలో పాతితే ముంగిస, పందికొక్కు తవ్వుకు రావు. పిల్లలు పెరిగేకొద్దీ ఇరుకవుతుంది గనుక, నాలుగో వారం నుండి మనిషి ఉన్న వేళల్లో పందిరి కింద వదలాలి. చేపల వల కప్పేవారు సన్నదారం వల వాడవద్దు. అది పక్షికి కనిపించదు. దానిలో కోడే కాలు చిక్కుకుని చస్తుంది, ఒక్కోసారి పాము చిక్కుకుని మనకే ప్రమాదం తెస్తుంది. లావుదారం వల బిగువుగా కట్టాలి.

మెరిసే రిబ్బన్లు, పాత సీడీలు, దిష్టిబొమ్మలు నాలుగు రోజులు పనిచేస్తాయి. ఆ తరువాత గద్ద దిష్టిబొమ్మ నెత్తిన వాలడం మేము చూశాము. 1937లో ఆస్ట్రియాలో కాన్రాడ్ లోరెంజ్, నికో టింబర్గెన్ అనే శాస్త్రజ్ఞులు (వీరిద్దరికీ 1973లో నోబెల్ బహుమతి వచ్చింది) గద్ద ఆకారంలో అట్టముక్కలు కత్తిరించి పక్షిపిల్లల మీదుగా లాగి, వాటి భయాన్ని పరీక్షించారు. తరువాత వచ్చిన వారి పరిశోధనల్లో తేలింది ఏమంటే, తరచుగా కనిపించే ఆకారానికి పక్షి అలవాటు పడిపోతుంది, అరుదుగా కనిపించేదానికే బెదురుతుంది. కనుక ఏ బెదురుసాధనమైనా రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చి కట్టాలి. మార్చే ఓపిక లేకపోతే కట్టడం దండుగ.

పెరట్లోని కాపలాదారులు

ఇంట్లో ఒక మంచి పుంజు ఉండాలి. పెట్టలు తల వంచి మేస్తుంటే పుంజు ఒక కన్ను ఆకాశం మీద ఉంచుతుంది. గద్ద కనిపిస్తే ఒక రకం కూత, నేల మీద కుక్కో పిల్లో వస్తే వేరొక రకం కూత కూస్తుంది. దీనిని శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించి నిర్ధారించారు. మొదటి కూతకు పిల్లలు చాటుకు పరుగెత్తి బిగుసుకుపోతాయి, రెండవ దానికి తలెత్తి చూస్తాయి. మన ముసలమ్మలకు ఈ రెండు కూతల తేడా ఎవరూ చెప్పకుండానే తెలుసు. గిన్నీకోళ్లు రెండు ఉన్నా మంచిదే, కాని వాటి గోలకు ఇరుగుపొరుగు ఒప్పుకోవాలి.

మరొక కాపలాదారు జీతం లేనివాడు. గేదె వీపు మీద కూర్చుని, గేదె కదిలినప్పుడు లేచే మిడతలను పట్టే పొడవాటి చీలుతోక నల్లపిట్టను అందరూ చూసే ఉంటారు. పసులపోలిగాడు అంటాము, ఏట్రింత అని కూడా అంటారు. పిడికెడు పిట్ట. తన గూటి దరిదాపులకు గద్ద గాని కాకి గాని వస్తే వెంటపడి నెత్తిన పొడిచి ఊరి అవతలికి తరుముతుంది. గూడు కట్టిన చెట్టు మీద ఇతర చిన్న పిట్టలు కూడా గూళ్లు కట్టుకుంటాయంటే దాని ధైర్యం అర్థం చేసుకోవచ్చు. పెరట్లో అది గూడు పెట్టిన కొమ్మను ఆ రెండు నెలలు నరకకుండా ఉంచండి.

తల్లిలేని పిల్లలు

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధనా సంస్థ వారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు పెరటి పెంపకానికి అనువైనవి. రంగురంగుల ఈకలు గనుక నేల రంగులో కలిసిపోతాయి, తెల్లకోడి మాదిరి దూరానికి కనిపించవు. కాని వీటి పిల్లలు పొదుగు యంత్రంలో పుట్టినవి. గద్ద నీడను చూసి పిలిచే తల్లి వాటికి లేదు. తెచ్చిన రోజే పెరట్లో వదిలిన వారి ఇళ్లలో వారం తిరిగేసరికి సగం కూడా మిగలకపోవడం చూశాము. వాటిని ఐదారు వారాలు దీపం వేడితో, గూటిలోనే పెంచి, అరకిలో బరువు వచ్చాక బయటకు వదలాలి. మొదటి వారం గూటిలో వేడి 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండి, వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గాలి.

వీధుల్లో సైకిళ్ల మీద ఎరుపు, పచ్చ రంగులు వేసి అమ్మే పిల్లల సంగతి వేరు. అవి గుడ్ల ఫారాలకు పనికిరాని మగపిల్లలు. రంగు చూసి గద్ద బెదరదు. పిల్లలు మారాం చేస్తే కొనిపెట్టండి గాని, ఆదాయం వస్తుందని కొనవద్దు.

విషం పెట్టరాదు

ఒక గ్రామంలో విసుగెత్తిన సభ్యుడొకరు చచ్చిన కోడిపిల్లకు పొలంలో వాడే గుళికలమందు కూరి గోడ మీద పెట్టాడు. గద్ద రాలేదు. ఆ పిల్లను కాకి ఎత్తుకుపోయి పక్కవారి పెరట్లో పడేసింది. పొరుగువారి కుక్క దానిని నోట కరచి చచ్చింది. మిగిలిన గుళికల పొట్లం కొట్టం చూరులో ఉందని తెలిసి, పరీక్ష జరిగేవరకు ఆ రెండు ఇళ్ల పాలు వేరుగా ఉంచవలసి వచ్చింది. గేదెకు ఏమీ కాలేదు. కాని రెండు కుటుంబాల మధ్య మాటలు తెగిపోయాయి. ఆ కుక్క ఆ ఇంటి చిన్నపిల్లవాడిది.

గద్దలు, డేగలు, గుడ్లగూబలు అన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. చంపడం, ఉచ్చు వేయడం, గూడు పడగొట్టడం జైలుశిక్షకు దారితీయగల నేరం. చట్టం మాట అటుంచినా, ఒక గద్దను చంపితే ఆ చోటికి వేరొక గద్ద వస్తుంది. ఎలుకలు మాత్రం పెరుగుతాయి.

రాబందును కూడా గద్దల లెక్కలో వేసి తిట్టేవారున్నారు. రాబందు కోడిపిల్ల జోలికి రాదు, చచ్చిన గొడ్డును తింటుంది. గొడ్లకు నొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూదిమందు అవశేషం కళేబరంలో ఉండి రాబందుల మూత్రపిండాలను చెడగొడుతున్నదని 2004లో తేలింది, 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్‌ను గేదెకు పొడవనివ్వవద్దు. మెలాక్సికామ్ ఉన్నది, డాక్టరు గారిని అడిగి అదే వేయించుకోండి.

చచ్చిన కాకి, గద్ద, కోడి ఏది కనిపించినా వట్టి చేతులతో తాకరాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలతోపాటు ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం ప్రాంతంలో కూడా కోళ్లలో బర్డ్‌ఫ్లూ బయటపడిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అటువంటి సమయంలో పశువైద్యశాలకు కబురు చేసి, వారు చెప్పినట్లు చేయాలి.

చివరగా తాళ్ల విషయంలో ఒక హెచ్చరిక. నైలాను పురికొస ఎండకు ఏడాదిలోపే పెళుసెక్కి ముక్కలుగా రాలుతుంది. ఆ ముక్కలు గడ్డిలో పడితే గేదె నమిలి మింగుతుంది, అవి పొట్టలో ఉండలు కట్టి మేత మానేస్తుంది. కనుక గాడి మీదుగా, గడ్డివామి మీదుగా తాళ్లు లాగవద్దు. తొలకరి వానలు పడి, ఆ ఏటి పిల్లలు చేతికి అందివచ్చాక తాళ్లన్నీ విప్పి చుట్టచుట్టి అటక మీద వేయండి. మరుసటి సంక్రాంతికి తీసినప్పుడు చేత్తో లాగి చూసి, తెగిన దానిని ముడివేయకుండా కొత్తది కొనండి.